ఎస్ నొక్కాలా, ఎమ్ నొక్కాలా

తెర మీద తెల్ల అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ గబగబా పైకి పోయి పోయి, ఈ వరుస దగ్గరికి వచ్చేసరికి టక్కున ఆగిపోయాయి, బడికి పరుగెత్తుతూ సగం దారిలో చెప్పు తెగిన పిల్లల్లాగా, ఇక కదలవు. డేటా అనే డిస్కు ఇంకా సిద్ధంగా లేదు, లేకపోతే అసలు లేనే లేదు, కాసేపు వేచి చూస్తావా, ఎస్ నొక్కి దాన్ని వదిలేసి ముందుకు పోతావా, ఎమ్ నొక్కి నువ్వే బాగుచేసుకుంటావా అని ఇంగ్లీషులో అడుగుతోంది, ఎంత మర్యాదగా అడుగుతోందో, పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రెండు నెలల్లో నా ఇష్టమేమిటని ఇంత వివరంగా నన్నెవరూ అడగలేదు, కూరలో కారం ఎంత వెయ్యాలో కూడా అత్తమ్మే చెప్పేస్తుంది, అయినా నాకు ఈ ఇల్లంటే ఇష్టం, ఈ కిటికీ ఇష్టం, కొత్తపేట పండ్ల మార్కెట్ వైపు నుంచి గాలి వీచినప్పుడు కిటికీలోంచి వచ్చే బత్తాయి వాసన ఇష్టం, తలకు చుట్టుకున్న ఈ కొత్త తువ్వాలు ఇష్టం, పసుపుతాడు తడిసి మెడకు చల్లగా తగులుతుంటే ఎవరూ చూడకుండా ఒకసారి తడుముకోవడం ఇష్టం. ఈ ఎస్సూ ఎమ్మూ మాత్రం ఇష్టం లేదు.

ఎందుకంటే ఆ డేటాలో నా పెళ్ళి ఉంది. మొత్తం పెళ్ళి, ఎదురుకోళ్ళ నుంచి అప్పగింతల దాకా. ఆ వీడియో ఇంకెక్కడా లేదు. ఫోటోగ్రాఫర్ తీసిన ముక్కలన్నీ నా మొగుడు గౌతమ్ తెచ్చి ఈ కంప్యూటర్‌లో పోశాడు, ఫోటోగ్రాఫర్ తన కార్డుల మీద ఈపాటికి ఇంకెన్ని పెళ్ళిళ్ళు తీసేసి ఉంటాడో, మన మొహాల మీద ఇంకెవరి మొహాలు కూర్చున్నాయో. ఒక డీవీడీ కొట్టి పెట్టరాదా అని నేను అడిగితే గౌతమ్ పెద్ద ఇంజనీర్ లాగా నవ్వి, పిచ్చిదానా, లోపల ఒకే రకం డిస్కులు రెండున్నాయి, ఒకదాని మీద రాసింది అదే క్షణంలో రెండోదాని మీదా పడుతుంది, ఒకటి చచ్చినా రెండోది బతికే ఉంటుంది, దీన్నే రెయిడ్ అంటారు, మరిచిపోయావా అన్నాడు, మరిచిపోవడమేమిటి, ఆ పాఠం చెప్పిన రోజున నేను క్లాసులో రెండో బెంచీలో అతని వెనకాలే కూర్చున్నాను, పాఠం వినకుండా అతని చెవి వెనక పుట్టుమచ్చ చూశాను, అది వేరే సంగతి. ఒకటి పోతే రెండోది ఉంటుందన్నాడు కానీ రెండూ చేతులు పట్టుకుని ఒకేసారి మాయమైతే ఏం చెయ్యాలో చెప్పలేదు.

అదీ ఈ రోజే. ఈ రోజు భానుమూర్తి మావయ్య వస్తున్నాడు. మా అత్తమ్మకు పెద్దన్న, తెనాలి మనిషి, వాళ్ళ ఇంట్లో ఏ పెళ్ళయినా మొదటి అక్షింతలు ఆయన చేతి నుంచే పడాలి, అది వాళ్ళ తాతల నాటి పట్టింపు; మా పెళ్ళి రోజున విజయవాడ రోడ్డు మీద రాస్తారోకో పడింది, ఆయన కారు చౌటుప్పల్ దాటలేదు, పట్టుపంచెలో, రోడ్డు పక్కన, కారప్పూస తింటూ ముహూర్తం దాటించి, వెనక్కి తిప్పుకుని పోయాడు, అప్పటి నుంచీ ఒకటే మాట, నేను చూడని పెళ్ళి నా లెక్కలో పెళ్ళి కాదు. ఫోన్‌లో అత్తమ్మను అడుగుతాడట, ఆ అమ్మాయి బాగుందా అని. ఆ అమ్మాయి! నేనింకా ఆ అమ్మాయినే. కోడలు అనడానికి ఆయనకు రుజువు కావాలి, ఆ రుజువు ఈ డబ్బాలో ఉంది, ఆయన గంటలోనో గంటన్నరలోనో వచ్చి సోఫాలో కూర్చుని, ఏదీ చూపించండి అంటాడు, నేనేమో చీర సరిచేసుకుని, ఎస్ నొక్కాలా ఎమ్ నొక్కాలా మావయ్యగారూ అని అడగాలి.

“ఏమ్మా కుసుమా, వచ్చిందా బొమ్మ?” వంటింట్లోంచి అత్తమ్మ.

“ఒస్తది అత్తమ్మా, జర ఆగుమంటుంది.”

“అది ఆగమంటే మా అన్నయ్య ఆగుతాడా? గారెల పిండి రుబ్బేసి కూర్చున్నాను. మళ్ళీ కరెంట్ పోయేలోపు ఏదో ఒకటి తేల్చమను దాన్ని.”

తేల్చమను దాన్ని. కరెంటే కదా ఇదంతా చేసింది. ప్రత్యేక రాష్ట్రం కోసమని సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచీ బొగ్గు లేదు, బొగ్గు లేక కరెంట్ లేదు, బస్సులు డిపోలో నిద్రపోతున్నాయి, దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, నేను ఈ ఊరి పక్కనే పుట్టి పెరిగి ఆ రోడ్డుకు అవతలి వైపు ఏ షాపులున్నాయో మొదటిసారి సరిగ్గా చూశాను; పొద్దున కంప్యూటర్ ఆన్‌లో ఉండగానే కరెంట్ పోయింది, దానికి తోడుగా ఉండాల్సిన యూపీఎస్ ఎప్పుడో ఉబ్బి చచ్చిపోయింది, అత్తమ్మ దాని మీద మనీప్లాంట్ పెట్టి దానికీ ఒక పని చూపించింది; ఇప్పుడు కరెంట్ వచ్చింది, మధ్యాహ్నం మళ్ళీ పోతుంది, ఈ మధ్యలో నా పెళ్ళి నాకు దొరకాలి. గౌతమ్‌కు ఫోన్ చేస్తే మోగుతోంది, మోగుతోంది, వాళ్ళ మావయ్యను తీసుకురావడానికి స్కూటరేసుకుని ఎల్‌బీ నగర్ చౌరస్తాకు పోయాడు, ఎత్తాడు, ఎత్తగానే చెవిలో డప్పులు.

“కుసుమా! మావయ్య దొరికాడు. కానీ కదలడానికి లేదు. ఇక్కడ సమ్మెవాళ్ళ వంటావార్పు. హైవే మొత్తం పొయ్యిలే!”

“గౌతమ్, డేటా రాలేదు. ఎస్ అంటది, ఎమ్ అంటది.”

 డప్పుల్లో అతని గొంతు చిన్నదైపోయింది, పాపం. “రెండు డిస్కులూనా?”

“ఏమో. నువ్వే చెప్పాలె.”

“ఎమ్ నొక్కు. రెండూ కనపడితే, కలవకపోతే, మళ్ళీ క్రియేట్ కొట్టెయ్, కలుస్తాయి, కంగారు పడకు.”

కంగారు పడుతున్నది ఎవరు? క్రియేట్ అట. ఈ కంప్యూటర్‌ను నడిపే లినక్సు మేమిద్దరం నేర్చుకున్న క్లాసులో, ఇక్కడే, చైతన్యపురి సందులో, మిర్చిబజ్జీల బండి పైన, మూడో అంతస్తులో, ఇదే మనిషి ఇదే క్రియేట్ కొట్టి బ్యాచ్ మొత్తం చేసుకున్న ప్రాజెక్టును ఊడ్చి పెట్టాడు. ఉన్నవాటిని వెతికి కలపమంటే అసెంబుల్ అనాలి, క్రియేట్ అంటే కొత్త సంసారం పెడుతున్నానని అర్థం, ఉన్న సామానంతా బయట పడేస్తుంది. ఆ రోజు అందరూ అతన్ని తిట్టి కిందికి దిగిపోతే, పోయిన వాటిలో నా వారం రోజుల కష్టం కూడా ఉన్నా, తెల్ల మొహం వేసుకుని కూర్చున్న మనిషిని చూసి నా సమోసాలో సగం విరిచి ఇచ్చాను, అతను తినకుండా దాన్ని పట్టుకుని నా వైపు చూశాడు, సమోసా చల్లారింది, ఇంకేదో వేడెక్కింది, అలా వచ్చాను నేను ఈ ఇంటికి, ఒక క్రియేట్ పుణ్యాన. అంతమాత్రాన రెండోసారి కొట్టమంటే కొడతానా. కొట్టను. ఒక తప్పుకు ఒక మొగుడు చాలు.

“క్రియేట్ లేదు, గిట్ల లేదు. నువ్వు మావయ్యను చూసుకో,” అని పెట్టేశాను, పెట్టేశాక ఏమండీ అననందుకు నాలుక కరుచుకుని వంటింటి వైపు చూశాను, నూనె చిటపటలాడుతోంది, వినపడి ఉండదు.

ముందు కేబుల్ చూడాలి, ఎప్పుడూ ముందు కేబులే. డబ్బా పక్క రేకు విప్పితే లోపలి నుంచి ఒక బంతిపూల రెక్క రాలి నా ఒళ్ళో పడింది. బంతిపూలు! మొన్న దసరాకు ఆయుధపూజ చేసినప్పుడు నేను పుట్టింటికి పోయి ఉన్నాను, వచ్చేసరికి కంప్యూటర్ పైన బొట్టు ఉంది, అందంగా ఉంది అనుకున్నాను, లోపలికి కూడా పోయిందని ఎవరికి తెలుసు. రెండు డిస్కులు ఒకదాని మీద ఒకటి, పెళ్ళి పీటల మీద కూర్చున్నంత బుద్ధిగా, రెండింటికీ పసుపు పూసి నడిమధ్యన కుంకుమ బొట్టు, చిన్న ఫ్యాన్ రెక్కలకు ఒక్కొక్కదానికీ ఒక్కొక్క బొట్టు, ఒక్క రెక్కనూ వదల్లేదు, ఆ ఓపిక చూస్తే నాకు నవ్వూ ముద్దూ రెండూ వచ్చాయి. వాటి వైర్లు ఒక్కొక్కటే వేలితో నొక్కి చూశాను, గట్టిగా ఉన్నాయి.

“అత్తమ్మా, ఈ డబ్బా లోపట బొట్లు పెట్టిన్రా?”

“నేనా? నేనెందుకు ముట్టుకుంటాను?” అని, ఒక గారె తిరగేసినంతసేపు ఆగి, “లోపల ఉన్నవే కదమ్మా అసలు పని చేసేవి. పైన రేకుకు పెడితే దానికేం తెలుస్తుంది?”

నిజమే, దానికేం తెలుస్తుంది. బొట్టు వల్ల డిస్కు పోదు, పోతే మన దేశంలో ఒక్క లారీ నడవదు. సరే, ఎస్ నొక్కితే వదిలేస్తుంది, కంప్యూటర్ హాయిగా వచ్చేస్తుంది, నీలం తెర, బొమ్మలు, గడియారం, అన్నీ ఉంటాయి, నా పెళ్ళి మాత్రం ఉండదు, అలా ముందుకు పోవడం నాకు వద్దు. కళ్ళు మూసుకుని, మెడలో తాడు ఒకసారి పట్టుకుని, ఎమ్.

అమ్మో.

వచ్చిందేమిటంటే ఒక చిన్న ఆడంబరం లేని వరుస, నువ్వు ఏం చెప్తే అది చేస్తాను అని ఎదురు చూసే వరుస, అలాంటి వరుస ముందు ఎప్పుడూ ఆ యంత్రం పేరు రాసి ఉంటుంది, ఇక్కడ రాసి ఉన్న పేరు కుసుమ. కుసుమ! ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో, తెల్లగా, నల్లటి తెర మీద, నేను. అందుకేనా రాత్రి దీపం తీసేస్తూ, రేపు కంప్యూటర్‌లో నీకొకటి కనపడుతుంది చూడు, నేను చెప్పను అని దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు, నేను ఏ పాటో పెట్టాడనుకున్నాను, ఏ ఫోటోనో అనుకున్నాను. వీధి వీధంతా బోర్డులున్న ఈ ఊళ్ళో, ఆ కోచింగు ఈ కోచింగు అని ఆకాశం కనపడకుండా పేర్లు పెట్టుకున్న ఈ దిల్‌సుఖ్‌నగర్‌లో, నా పేరు ఇప్పటిదాకా నా స్టీలు గిన్నెల మీద తప్ప ఎక్కడా లేదు, అదీ మా నాయనమ్మ పేరు, కుసుమకుమారి, కాలేజీలో హాజరు పిలిచినప్పుడల్లా పాత నాటకాల కంపెనీ అని నవ్వేవాళ్ళు, ఆ పేరులోంచి మంచి సగం విరిచి ఒక యంత్రానికి పెట్టాడు నా మొగుడు, సమోసా అప్పు తీర్చాడు. ఎంతసేపు అలా చూస్తూ కూర్చున్నానో, తువ్వాలు జారి భుజం మీద పడింది, మావయ్య వస్తున్నాడన్న సంగతి, కరెంట్ పోతుందన్న సంగతి, అసలు డేటా లేదన్న సంగతి కూడా మరిచిపోయాను, గారెల వాసన వచ్చి గుర్తు చేసింది.

ఉన్న డిస్కుల జంటలేవో చూపించమని అడిగాను. ఉన్నాయి! రెండూ ఉన్నాయి, బతికే ఉన్నాయి, యు యు అని రెండు అక్షరాలు పక్కపక్కన, ఒక డిస్కు పోతే ఒక యు పోయి దాని చోట ఖాళీ గీత ఉండాలి, ఖాళీ లేదు, స్కూటర్ మీద మేమిద్దరం కూర్చున్నంత దగ్గరగా కూర్చున్నాయి రెండు యులూ, ఏడుపొచ్చినంత పనయింది; మరి జంట బాగానే ఉంటే డేటా ఎందుకు రాలేదు అంటే, జంట ఉండాల్సిన చోట లేదు. ఎప్పుడూ దాని ఇల్లు సున్నా నంబరు, ఎండీ సున్నా, ఇప్పుడేమో ఊరి చివర నూట ఇరవై ఏడో నంబరులో కూర్చుంది, కంప్యూటర్ సున్నా నంబరు తలుపు కొట్టి కొట్టి, ఎవరూ లేరని నన్ను ఎస్సా ఎమ్మా అని అడిగింది. నూట ఇరవై ఏడు అంటే లినక్సు భాషలో, ఎవరో పొరుగు ఇంటి వాళ్ళు, వచ్చారు కాబట్టి కాదనలేక చివర కూర్చోబెట్టాను అని. పొరుగు వాళ్ళేమిటి, ఏళ్ళుగా ఇదే డబ్బాలో ఉన్నవి పొరుగెట్లా అవుతాయి అనుకుంటూ, డిస్కుల వివరం చెప్పమని ఇంకోసారి అడిగితే, చెప్పింది. డిస్కుల మీద ఒక పేరు రాసి ఉంది.

నాగేశ్వరి.

మా అత్తమ్మ పేరు.

ఓరి గౌతమ్! ఈ కంప్యూటర్‌కు ముందు నుంచీ ఉన్న పేరు వాళ్ళమ్మ పేరన్నమాట. ఆ పేరుతో ఉన్నప్పుడు డిస్కులు జత కట్టాడు, అవి ఆ ఇంటి పేరును తమ మీద చెక్కుకున్నాయి, నిన్న రాత్రి ఈయనగారు ప్రేమ పొంగి యంత్రం పేరు తీసి నా పేరు పెట్టాడు, డిస్కుల మీద పేరు మాత్రం అలాగే ఉంది, పొద్దున కరెంట్ వచ్చి యంత్రం లేచి, నేను కుసుమను, ఈ నాగేశ్వరి తాలూకు వాళ్ళెవరో అంది. అచ్చం గిన్నెలే. మా నాయన మట్టయ్యది అబ్దుల్లాపూర్‌మెట్‌లో టెంట్ హౌస్, మా నాయన ప్రతి గంగాళం అంచు మీదా, ప్రతి గరిటె కాడ మీదా చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించాడు, పెళ్ళిళ్ళలో గిన్నెలు కలిసిపోతాయి, వేరే టెంట్ హౌస్ పేరున్న గిన్నె ఏదైనా మన దాంట్లో కలిసి వస్తే మా నాయన దాన్ని కాదనడు, వాడడు, మూలకు విడిగా బోర్లించి పెడతాడు, ఎవరిదో వచ్చి అడుగుతారు అని. నేను చిన్నప్పుడు ఆ బోర్లించిన గిన్నెలను చూసి పాపం అనుకునేదాన్ని, లోపల ఏముందో ఎవరూ చూడరు, అంచు మీద పేరు ఒక్కటే చూస్తారు. నూట ఇరవై ఏడో నంబరు అంటే ఆ మూల. నేను కూడా, రెండు నెలలుగా, భానుమూర్తి మావయ్య లెక్కలో, ఆ మూల.

ఫోన్ మోగింది, గౌతమ్ నంబరే, కానీ గొంతు మా నాయనది.

“బిడ్డా! అల్లుడు ఈడ్నే ఉన్నడు. గీ పెద్దాయన మీ మామనట గద, తెనాలాయన!”

“నాయినా, నువ్వేంది అక్కడ?”

“నేను లేకుంట ఎట్ల? గంగాళాలన్ని మనయే. అవి ఏడికి పోతె నేను గాడికి పోవాలె కద.” అవును, ఉద్యమం ఎక్కడుంటే మా నాయన గంగాళాలు అక్కడ, గంగాళాలు ఎక్కడుంటే మా నాయన అక్కడ, పోయినసారి ఒక మూత తగ్గిందని ఊరేగింపు వెంట ఉప్పల్ దాకా నడిచాడు. “పెద్దాయన కార్ల నుంచి దిగనంటె దిగనన్నడు బిడ్డా. ఎవలన్నా ఈయన అని పోరగాళ్ళు అడిగిన్రు. మా ఇంటి మనిషి రా, జరుగుండ్రి అన్న. గంతే, ఇస్తరి ఏసిన్రు. ఒద్దొద్దనుకుంటనే రెండోపారి పప్పు పోయించుకున్నడు.”

“మా అత్తమ్మ గారెలు చేసింది నాయినా, కడుపు నింపకుండ్రి!”

“గారెలా? నేను గూడ ఒస్త మరి,” అని ఫోన్ గౌతమ్‌కు ఇచ్చాడు.

“నాగేశ్వరి,” అన్నాను నేను, ఇంకేమీ అనకుండా.

“అయ్యో,” అన్నాడు గౌతమ్, పూర్తిగా అర్థమైన గొంతుతో. “పేరు మార్చాను కదూ. డిస్కుల సంగతి తట్టలేదు. పాతది మళ్ళీ పెట్టెయ్, వచ్చేస్తుంది. కుసుమా… బాగుందా? చూశావా?”

“ఏంది?”

“పేరు.”

చెప్పలేదు నేను. ఇంటికి రానీ, చెప్తాను, ఫోన్‌లో ఎందుకు, పక్కన మావయ్య, వెనక మా నాయన, చుట్టూ హైవే నిండా జనం. పాతది మళ్ళీ పెట్టెయ్ అంటాడేమిటి ఇంత తేలికగా, రాత్రికి రాత్రి వచ్చి మధ్యాహ్నానికి పోవడానికి నా పేరేమైనా కరెంటా? పెట్టను. పెట్టకపోతే ఇంకో దారి ఉంది, యంత్రం పేరు ముట్టుకోకుండా డిస్కుల మీద పేరే మార్చెయ్యడం, నాగేశ్వరి గీకేసి కుసుమ రాసెయ్యడం, ఒకే ఒక వరుస, అప్‌డేట్ అని ఒక మాట, లోపల సామానుకు ఏమీ కాదు, లోపలా నేనే, బయటా నేనే, మావయ్య వచ్చేసరికి ఈ ఇంట్లో నూట ఇరవై ఏడు అనే నంబరే ఉండదు. వేళ్ళు వాటంతటవే ఆ వరుస కొట్టడం మొదలుపెట్టాయి, గుండె కొట్టుకుంటోంది, జామకాయ దొంగతనానికి గోడ ఎక్కినప్పటి దడ, మంచి దడ, కొత్త కోడలికి ఇంత అధికారం ఏ ఇంట్లోనైనా ఉంటుందా, ఒక్క ఎంటర్ నొక్కితే అత్తగారి పేరు—

“ఎన్. ఏ. జీ. ఈ. ఎస్.”

చెవి పక్కనే. చేతిలో గారెల పళ్ళెం, కళ్ళజోడు నూనె ఆవిరికి మసకేసి ఉంది, తెర మీదికి వంగి, వేలితో గాలిలో ఒక్కొక్క అక్షరం పొడుచుకుంటూ చదువుతోంది అత్తమ్మ. “డబ్ల్యూ. ఏ. ఆర్. ఐ. ఇది నా పేరు కదూ?”

నా వేలు ఎంటర్ మీద ఉంది. తీశాను, పెనం మీంచి తీసినట్టు.

“మీదే అత్తమ్మా.”

“నా పేరెందుకుంది ఇందులో?”

“గౌతమ్… మీ అబ్బాయి… ఆయన పెట్టిండు. ముందల్నుంచి గదే పేరట.”

అత్తమ్మ పళ్ళెం కీబోర్డ్ పక్కన పెట్టేసింది, కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చదివింది, ఎన్ నుంచి ఐ దాకా, ఈసారి పైకి వినపడకుండా, పెదాలు మాత్రం కదిలాయి. ఈవిడకు కూడా తెలియదన్నమాట, ఇన్నేళ్ళు రోజూ ఈ డబ్బా మీద దుమ్ము తుడిచింది, ఆయుధపూజకు రెక్క రెక్కకూ బొట్టు పెట్టింది, లోపల ఉన్నది తన పేరేనని తెలియక తనకు తానే పూజ చేసుకుంది. మొహం చూస్తే ఎంత చిన్నపిల్లలా అయిపోయిందో, ఆ మొహం నాకు తెలుసు, పావుగంట కిందట ఇదే కుర్చీలో కూర్చుని ఇదే తెర ముందు నేను పెట్టిన మొహం అది.

“వెధవ,” అంది అత్తమ్మ, ఎంతో మురిపెంగా. “ఒక్క మాట చెప్పలేదు చూడు.”

“నాకు గూడ చెప్పలే.”

“మరి ఆ పక్కన కుసుమ అని ఉందేం?”

కళ్ళజోడు తుడవకుండా ఉండాల్సింది. అప్‌డేట్ వరుసను వెనక్కి చెరుపుతూ, ఒక్కొక్క అక్షరం, టక్ టక్ టక్, నోటికి ఏదొస్తే అది అనేశాను. “డబ్బా పేరు నాది అత్తమ్మా. లోపల ఉన్నదంతా మీ పేరు మీదనే ఉన్నది. మీ పేరు దొరికేదాంక ఏమి తెరుచుకోలే, పొద్దుగాల్నుంచి.”

అత్తమ్మ ఆలోచించింది. డబ్బాను చూసింది, విప్పి ఉన్న పక్క లోంచి రెండు బొట్లను చూసింది, నన్ను చూసింది. “డబ్బాదేముందిలే,” అంది చివరికి, దయగా. “లోపలిదే కదా ముఖ్యం. నువ్వు గారె తిను, చల్లారిపోతుంది.”

తిన్నాను. ఎంత బాగుందో. గారె తింటుంటే, మూడో దారి ఉందని అప్పుడు గుర్తొచ్చింది, ఉంటుందని తెలుసు, దడలో కనపడలేదు. ప్రతి జంటకూ పేరు కాక ఒక పొడుగాటి గుర్తు ఉంటుంది, అంకెలూ అక్షరాలూ కలిపిన వేలిముద్ర లాంటిది, ఊరు మారినా పేరు మారినా అది మారదు, ఈ గుర్తున్న జంట మీద ఎవరి పేరున్నా సరే ఇది మన ఇంటిదే, దీన్ని సున్నా నంబరులోనే కూర్చోబెట్టు అని యంత్రం చదువుకునే ఫైల్‌లో ఒక్క వరుస రాస్తే చాలు. గౌతమ్ ఆ వరుస ఏ రోజూ రాయలేదు, పేరు ఒకటే ఉంది కదా, అదే తెలుసుకుంటుంది అనుకున్నాడు, మగవాళ్ళు ఇంతే, అమ్మకూ పెళ్ళానికీ వాళ్ళంతట వాళ్ళకే అర్థమైపోతుందిలే అనుకుంటారు. మా నాయన ఆ పోరగాళ్ళకు చెప్పినట్టు, మా ఇంటి మనిషి రా, జరుగుండ్రి. ఆ వరుస రాశాను, వేలికి నూనె ఉండటంతో రెండుసార్లు తప్పు పడింది, దిద్దాను. ఇంకొకటి, యంత్రం కళ్ళు తెరిచేటప్పుడు చేత పట్టుకుని లేచే చిన్న మూట ఒకటి ఉంటుంది, ఈ మాట దానిలోనూ కట్టాలి, లేకపోతే లేవగానే మళ్ళీ మరిచిపోతుంది, కట్టమన్నాను, కడుతోంది, కడుతోంది, కట్టడం అయిపోయిందని వరుస తిరిగి వచ్చింది, హమ్మయ్య, ఇప్పుడొకసారి మళ్ళీ లేపి చూస్తే—

కరెంట్ పోయింది.

ఫ్యాన్ నెమ్మదించి ఆగింది, పక్కింటి మిక్సీ ఆగింది, వీధి చివర ఎవరో ఓ అన్నారు. నల్లటి తెరలో నా మొహం, తడి జుట్టు, మూతికి గారె ముక్క. రాసింది సరిగ్గా రాశానో లేదో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు, మళ్ళీ లేస్తే కానీ తెలియదు, మళ్ళీ లేచినప్పుడు అందరూ ఉంటారు. ఉండనే ఉన్నారు, కింద స్కూటర్ ఆగింది, కారు హైవే మీదే వదిలేసి ఒక్క స్కూటర్ మీద ముగ్గురు, ఎల్‌బీ నగర్ నుంచి సందులు సందులు పట్టుకుని, ముందు గౌతమ్, వెనక మా నాయన ఒళ్ళో ఒక గంగాళం మూత, మధ్యలో నలిగి, పట్టుపంచె మీద పప్పు మరక, నుదుటి మీద ఎవరు పూశారో గులాల్, భానుమూర్తి మావయ్య.

“ఇంత పప్పు నేను మా పెద్దమ్మాయి పెళ్ళిలో కూడా తినలేదే నాగూ,” అన్నాడు మెట్లెక్కుతూ చెల్లెలితో. కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. గారె వద్దన్నాడు, ఒకటి తిన్నాడు, ఇంకొకటి తిన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. “ఏదమ్మాయ్, పెళ్ళి?”

అమ్మాయ్. ఆ అమ్మాయి నుంచి ఆ పోయింది. కొంత నయం.

“కరెంట్ రావాలె మావయ్యగారు.”

“మీ వాళ్ళు రానిస్తే కదా,” అన్నాడు మా నాయనను చూసి. “ఒస్తది, ఒస్తది, అన్ని ఒస్తయి,” అన్నాడు మా నాయన గారె కొరుకుతూ. గౌతమ్ నా పక్కన నిలబడి, బాగుందా అని మళ్ళీ కళ్ళతోనే అడిగాడు, నేను వాళ్ళందరి ముందూ అతని కాలు నా కాలితో మెల్లిగా తొక్కాను, అంతకంటే వివరంగా చెప్పే వీలు లేదు. ఎదురు చూశాం.  మావయ్య చేతిరుమాలు తీసి, మూడు ముళ్ళు వేసి ఉన్న ఆ రుమాలును మోకాలి మీద పెట్టుకుని, దాన్ని విప్పకుండా వేళ్ళతో తడుముతూ కూర్చున్నాడు.

ఫ్యాన్ కదిలింది. పక్కింటి మిక్సీ అరిచింది. నేను మీట నొక్కాను, తెల్ల అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి, పైకి, అందరూ పెళ్ళి చూడబోయేముందు ఇవి చూస్తున్నారు, అత్తమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది, అదిగో, వస్తోంది ఆ వరుస, పొద్దున చెప్పు తెగిన చోటు, వచ్చింది, నా ఊపిరి ఆగింది, వరుస ఆగలేదు, ఏమీ జరగనట్టు దాటి పోయింది, ఎస్ లేదు, ఎమ్ లేదు, ఎవరినీ ఏమీ అడగలేదు, చివరికి కుసుమ అని వచ్చి తల వంచుకుని నిలబడింది.

“లోపలంతా నా పేరేనంటన్నయ్యా,” అంది అత్తమ్మ.

పెళ్ళి తెరుచుకుంది. బాజాలు, పొగ, అటూ ఇటూ పరుగెత్తే కెమెరా, మా నాయన గంగాళాలు, జీలకర్రబెల్లం, గౌతమ్ తాళి ఎత్తాడు, ఆ క్షణాన భానుమూర్తి మావయ్య సోఫాలోంచి లేచాడు, రుమాలు ముళ్ళు విప్పాడు, లోపల పసుపు రంగు పోయి, నలిగి, నూకలైన అక్షింతలు, చౌటుప్పల్ నుంచి తెనాలికి పోయి మళ్ళీ వచ్చినవి. కళ్ళు తెర మీదే ఉన్నాయి, గుప్పెడు తీసి, బాజాలు ఉరిమినప్పుడు సరిగ్గా, ఆ తెర మీదికే విసిరాడు.

“అన్నయ్యా, మనుషులు ఇక్కడున్నారు!” అంది అత్తమ్మ.

“ఉండవే, ముహూర్తం దాటిపోతుంది,” అని రెండో గుప్పెడు మా ఇద్దరి మీదా పోశాడు, ఎడం చెయ్యి నా తల మీద పెట్టి, “ఇదిగో కోడలా, తల దించు,” అన్నాడు, దించాను, దించితే కనపడింది, హడావిడిలో ఆ పక్క రేకు బిగించడం మరిచేపోయాను, బియ్యపు గింజలు నా జుట్టులోంచి జారి, తెరిచి ఉన్న డబ్బాలోకి, ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చున్న ఆ రెండు డిస్కుల మీద టపటపా రాలాయి. ఫ్యాన్‌లో పడకుండా గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాను. వాటికీ అందాయి.